రెండు తెలుపుల మధ్య ఒక గది

పక్కపక్కన పెట్టినా తేడా తెలియని రెండు లేత రంగులు మనిషికి దొరికిన గొప్ప వరం! మీరు సరిగ్గానే చదివారు, నేను రాసింది అదే. నిప్పు కాదు, చక్రం కాదు, సెల్‌ఫోన్ అసలే కాదు. మానవజాతి సాధించిన నిజమైన ప్రగతి ఏమిటంటే, ఒకే తెలుపుకి రెండు పేర్లు పెట్టి, "మీకేది నచ్చితే అది" అంటూ మనల్ని గౌరవించడం.

పూర్వం జనం ఎంత అనాగరికంగా బతికారో తలచుకుంటే జాలేస్తుంది. గోడకి రంగంటే తెలుపు. తెలుపంటే తెలుపు. సున్నం కలిపారా, కొట్టారా, చేతులు కడుక్కున్నారా, అంతే! ఒక చర్చ లేదు, ఒక అలక లేదు. మొగుడూ పెళ్ళాలు ఖాళీ గోడ ముందు నిలబడి పది నిమిషాలు మనసు విప్పి మాట్లాడుకున్న దాఖలా చరిత్రలో ఎక్కడైనా ఉందా?

ఇప్పుడో? పెయింటు షాపులోకి వెళ్ళి "తెలుపు కావాలండీ" అని చూడండి. ఆస్పత్రికి వెళ్ళి "నాకు జబ్బుగా ఉంది, మందివ్వండి" అన్నవాణ్ణి చూసినట్టు చూస్తాడు కౌంటర్‌లో ఆయన. ఏ తెలుపు? గుడ్డు తెలుపా, ముత్యం తెలుపా, మంచు తెలుపా, మబ్బు తెలుపా? పాత కాగితం తెలుపు కూడా ఉందట. పాత కాగితం రంగు గోడకి పులుముకోవడానికి కొత్త కాగితాలు లెక్కపెట్టి ఇవ్వాలన్నమాట. నాగరికత అంటే ఇదీ!

ఈ వరం విలువ తెలియని మూర్ఖులు కొందరున్నారు. "రెండూ ఒకటేగా?" అంటారు. నేనూ ఒకసారి నోరు జారి అలాగే అన్నాను, మా ఎదురు ఫ్లాటు వదిన ముందు. ఆవిడ నన్ను చూసిన చూపుకి నేను కూడా కాస్త లేత రంగులోకి తిరిగాను.

ఆ వదిన కథ చెబుతాను. సగం ఆవిడే చెప్పింది, సగం గోడలు చెప్పాయి. మా భవనంలో గోడలకి ఏ రంగు వేసినా మాట మాత్రం ఆగదు.

వదినంటే నాకు వరసకి వదిన కాదు. మా భవనం మొత్తానికి వదిన. ఆవిడ వృత్తి కట్టుడుపళ్ళు చేయడం. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చు చూసి మైనంతో మలిచి, పన్ను మీద పన్ను పేర్చి, ఎవరి నోట్లో పెట్టినా వాళ్ళతో పాటే పుట్టాయేమో అనిపించేలా తయారు చేస్తుంది. ఊళ్ళో పెద్ద డెంటల్ ల్యాబ్‌లో పదిహేనేళ్ళుగా అదే పని. పళ్ళ డబ్బా మీద మాత్రం ల్యాబ్ యజమాని పేరు ఉంటుంది. ఆ యజమానికి పన్నుకీ గోరుకీ తేడా తెలుసో లేదో నాకు అనుమానమే.

పళ్ళన్నీ తెల్లగా ఉంటాయని మనం అనుకుంటాం కదా. ఉండవు! పక్కపన్ను కన్నా కొత్తపన్ను వెంట్రుకవాసి తెల్లగా ఉన్నా నవ్వినప్పుడు పట్టిచ్చేస్తుంది. అందుకే ఆవిడ దగ్గర వరసగా గుచ్చిన నమూనా పళ్ళ పట్టీ ఒకటి ఉంటుంది. అందులో ఎన్ని తెలుపులో! ఆవిడ మనిషితో మాట్లాడుతూ మొహం చూడదు, పళ్ళు చూస్తుంది. ఆవిడ ముందు నేను నోరు మూసుకునే నవ్వుతాను.

ఆ ఇంట్లో ఉత్తరం వైపు ఒక గది ఉంది. విరిగిన కుర్చీలు, చదివేసిన పేపర్లు, ఊపిరి ఆగిపోయిన ఫ్యాను, అన్నీ అందులోనే. కానీ కిటికీ మాత్రం పెద్దది. ఎండ నేరుగా పడదు, వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది. పళ్ళ రంగు చూసేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? ఆ గదిలో తనదంటూ ఒక పనిబల్ల వేసుకోవాలని వదినకి ఎన్నాళ్ళుగానో కోరిక. మనసులోనే దాచుకుంది. బయట పెట్టాల్సిన అవసరం ఒకరోజు వచ్చింది.

ల్యాబ్‌కి పని పంపించే డాక్టరమ్మ ఒకావిడ ఫోన్ చేసింది. "చూడమ్మా, ఆ పళ్ళు చేసేది నువ్వేనని నాకు తెలుసు. నువ్వు సొంతంగా మొదలుపెడితే నా పనంతా నీకే ఇస్తాను. నా క్లినిక్‌లో మూలపడిన పనిబల్ల కూడా ఉంది, తీసుకెళ్ళు. నెలాఖరుకల్లా ఏ సంగతో తేల్చి చెప్పు."

ఆ సాయంత్రం వదిన భోజనాల దగ్గర ఈ మాట చెప్పింది.

ఇక్కడ వాళ్ళాయన గురించి చెప్పాలి. మేమంతా హెచ్చార్ గారు అంటాం. ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగుల బాగోగులు చూసే అధికారి. చెడ్డవాడు కాదు. ఈగని కూడా కొట్టడు, దాని అభిప్రాయం అడుగుతాడు! కంపెనీలో పని గంటలు పెంచిన ఏడాది జనం గొడవ చేస్తారని అందరూ భయపడుతుంటే, హెచ్చార్ గారు చల్లగా ఒక అభిప్రాయ సేకరణ పెట్టారు: క్యాంటీన్ కర్టెన్లు లేత ఆకుపచ్చవి కావాలా, లేత పసుపువి కావాలా? కంపెనీ రెండుగా చీలిపోయింది. ఆకుపచ్చవాళ్ళు పసుపువాళ్ళతో మాటలు మానేశారు. ఆఖరికి ఆకుపచ్చవాళ్ళు గెలిచి స్వీట్లు పంచుకున్నారు. ఆ సంబరంలో అందరూ గంట ఆలస్యంగా ఇంటికెళ్ళారు. మర్నాడూ అంతే. ఇప్పటికీ అంతే.

అలాంటి మేధావి, భార్య మాట విని, ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, "చూద్దాం" అన్నారు. కాసేపటికి మళ్ళీ, "ముందు ఆ గదికి రంగు వేయించాలోయ్. రంగు సంగతి తేలితే మిగతావి వాటంతటవే తేలతాయి" అన్నారు.

వదిన మొహం వెలిగిపోయింది. గదికి రంగు వేయిద్దామన్నాడంటే సరే అన్నట్టేగా?

మర్నాడే ఆయన షేడ్ కార్డు తెచ్చారు. తేవడమే కాదు, వందల రంగుల్లోంచి శ్రమపడి రెండింటిని తానే ఏరిపెట్టారు. ఒకదాని పేరు మార్నింగ్ విస్పర్. రెండోదాని పేరు పెర్ల్ హష్. ఒకటి గుసగుస, ఇంకోటి ఉష్! "ఈ రెంటిలో ఏదైనా నీ ఇష్టం. పళ్ళ తెలుపులు చూసే కన్ను నీది. నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పు?" అన్నారు.

పాఠకులారా, ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ చెవిన పడడం అదే మొదలు. ల్యాబ్ యజమాని అనలేదు, పళ్ళు పెట్టుకున్నవాళ్ళు అనలేదు. కట్టుకున్నవాడు అన్నాడు. ఇక ఆగుతుందా?

సామాన్లన్నీ ఒక మూలకి నెట్టింది. రెండు చిన్న డబ్బాలు తెప్పించి నాలుగు గోడల మీదా రెండేసి చదరాలు పూసింది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్ళి చూసేది. ల్యాబ్‌కెళ్ళే ముందు చూసేది. వచ్చాక చెప్పులు విప్పకుండానే చూసేది. లైటు వేసి చూసేది, ఆర్పి చూసేది, తలుపు వారగా వేసి సందులోంచి తొంగి చూసేది, ఆ రంగుకి తెలియకుండా దాన్ని పట్టుకుందామన్నట్టు.

"విస్పర్‌లో ఒక నీలం నీడ ఉందండీ. హష్‌లో గులాబీ ఛాయ. మీకు కనబడట్లేదూ?"

హెచ్చార్ గారికి ఏమీ కనబడేది కాదు. అయినా తల పంకించేవారు. ఇల్లు ఎంత కళకళలాడిందో! అదివరకు భోజనాల దగ్గర ఎవరి ఫోన్ వాళ్ళది. ఇప్పుడు మాటలే మాటలు. ఇది వరం కాకపోతే మరేమిటి?

ఆ ఇంట్లో వదిన అత్తగారు కూడా ఉంటారు. ఆవిడకి ఈ మధ్యే కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమది ఇంకా కాలేదు. ఆవిడని గదిలోకి తీసుకెళ్ళి గోడ ముందు నిలబెట్టారు. ఎడమకన్ను మూసి చూసింది, కుడికన్ను మూసి చూసింది.

"కుడికంటికి ఇది బాగుందే అమ్మాయ్. ఎడమకంటికి అది బాగుంది."

"రెండు కళ్ళతో చూసి చెప్పండత్తయ్యా."

"రెండు కళ్ళతో చూస్తే రెండూ పోట్లాడుకుంటున్నాయి. కాసేపు కూర్చోనీ."

ఇలా ఉండగా వదిన అప్పుడప్పుడూ తేల్చేసేది. "సరేనండీ, విస్పరే ఖాయం." అప్పుడు హెచ్చార్ గారు పేపరు దించి, నొసలు ముడిచి, చాలా మెత్తగా అనేవారు: "ఖాయం చెయ్. బాగానే ఉంది. కాకపోతే... సాయంత్రం పూట అది కాస్త చలిగా అనిపించట్లేదూ?" అంతే! వదిన లేచి మళ్ళీ గదిలోకి. వారం తిరిగాక "హష్ వేయించేద్దామండీ" అంటే, "భేష్! ఒక్కటే సందేహం, వానాకాలంలో అది మబ్బుగా ఉండదు కదా?" ఆయన ఏనాడూ కాదనలేదు. ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. ఎంత మంచి మొగుడు!

మధ్యలో డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"ఏమ్మా, గది సిద్ధమైందా?"

"అంతా అయిపోయినట్టేనండీ. రంగు ఒక్కటే తేలాలి."

"నువ్వు పళ్ళు చేస్తావా, గోడలు చేస్తావా? నెలాఖరు దగ్గర పడింది. నీకు కుదరకపోతే నేను ఇంకెవరినైనా చూసుకోవాలి మరి."

"కుదురుతుందండీ, తప్పకుండా కుదురుతుంది" అంది వదిన. ఫోన్ పెట్టేసి మళ్ళీ గోడ దగ్గరికే వెళ్ళింది.

ఆ శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. హెచ్చార్ గారు ఆఫీసుకి వెళ్ళారు, వదినకి సెలవు. అతను గదంతా తిరిగి చూసి, గోడ కింద చేత్తో తట్టి అడిగాడు.

"అమ్మా, ట్రెడ్‌మిల్లుకి పాయింటు కిటికీ పక్కన పెట్టమంటారా, తలుపు పక్కనా?"

"దేనికి?"

"ట్రెడ్‌మిల్లుకమ్మా. సారు చెప్పారు. దానికి లోడు ఎక్కువ, విడిగా వైరు లాగాలి. సైకిల్ మిషనుకి మామూలు పాయింటు చాలు."

వదినకి ముందు ఏమీ అర్థం కాలేదు. ఇల్లు తప్పి వచ్చాడేమో అనుకుంది. అతను జేబులోంచి ఫోన్ తీసి, హెచ్చార్ గారు పంపిన మెసేజ్ చూపించాడు. ఇల్లు ఇదే. గది ఇదే. మెసేజ్ పంపిన రోజు చూస్తే, షేడ్ కార్డు ఇంటికొచ్చిన రోజు అదే.

హాల్లో అత్తగారు కూర్చుని ఉన్నారు. వదిన వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, ఈ ట్రెడ్‌మిల్ ఎవరిది?"

"చిన్నాడిది కదే! వాడి పెళ్ళాం ఆ మిషన్లన్నీ ఇంట్లోంచి తీసేస్తేగానీ ఒప్పుకోనందట. మిషన్లా, నేనా తేల్చుకోమందట. వాడు అన్నకి ఫోన్ చేసి ఏడ్చాడు. మా గది ఖాళీగానే ఉందిరా, పంపించెయ్ అన్నాడు మీ ఆయన."

"ఎప్పుడు?"

"నువ్వు ఆ డాక్టరమ్మ మాట చెప్పావే, దానికి ముందు వారం." అత్తగారు ఆగి, కోడలి మొహం చూశారు. "నీకు తెలీదా? నువ్వు రంగులు చూస్తుంటే, నీక్కూడా తెలుసనే అనుకున్నాను."

వదిన గదిలోకి వెళ్ళి విరిగిన కుర్చీల్లో కాస్త గట్టిగా ఉన్నదాన్ని లాగి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ చదరాల ముందు తను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. నీలం నీడ, గులాబీ ఛాయ. ఎంత ముచ్చటగా చెప్పింది! ఆయన ఎంత ముచ్చటగా విన్నాడు! ఆ గోడ పక్కన బల్ల ఎక్కడ వేయాలో, మైనం ఎక్కడ పెట్టాలో, అచ్చులు ఆరబెట్టే అర ఎంత ఎత్తులో ఉండాలో, అన్నీ లోపల కట్టుకుంది. ఒక్కటీ నోటితో అనలేదు. రంగు తేలాక అందామనుకుంది.

గోడవైపు చూసింది. ఏది విస్పరో ఏది హష్షో ఆవిడకి తెలియలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. అప్పటికీ తెలియలేదు.

సాయంత్రం హెచ్చార్ గారు ఇంటికి వస్తూనే ఉత్సాహంగా అడిగారు. "ఏమోయ్, తేలిందా?"

"తేలింది. గది ఎవరిదో తేలింది."

ఆయన నీళ్ళు నమిలారు. కట్టుడుపళ్ళు పెట్టుకోకుండా కూడా నమలగలిగింది అదొక్కటే.

"అది కాదే... తమ్ముడు ఫోన్‌లో ఏడ్చాడు. నేను మాటిచ్చేశాను. ఆ తర్వాతి వారం నువ్వు నీ సంగతి చెప్పావు. నీకు చెబుదామనే ఉంది. నువ్వేమో రంగు చూసుకుంటున్నావు, మధ్యలో కదిలించడం ఎందుకని..."

"మరి నా పని?"

"నీ పనికేం? ల్యాబ్ ఉంది కదా. సొంతం సంగతి తర్వాత చూద్దాం."

ఆ "తర్వాత చూద్దాం" అనే మాట ఆయన ఎంత మామూలుగా అన్నారో, బస్సు తప్పితే ఇంకో బస్సు వస్తుంది అన్నట్టుగా! వదిన అరవచ్చు. ఏడవచ్చు. అరిస్తే ఆయన తలొంచుకుని వింటారు, ఏడిస్తే మంచినీళ్ళు తెచ్చిస్తారు. మిషన్లు మాత్రం వచ్చేస్తాయి.

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా అంది.

"సరేలెండి. మరిది గదే అయినప్పుడు రంగు కూడా మరిదే చెప్పాలి. రోజూ అందులో చెమటోడ్చేది అతను. మీరూ అతనూ కలిసి తేల్చండి. నేను వేలుపెడితే ఏం బాగుంటుంది?"

"ఎంత అర్థం చేసుకున్నావోయ్!" అన్నారు హెచ్చార్ గారు. గుండెల మీంచి బరువు దిగిపోయినట్టు ఊపిరి వదిలారు. పాపం, తాను రోజూ ఇంకొకళ్ళకి వేసే మందుని తనకే వేశారని ఆయనకి తట్టలేదు. డాక్టర్లు తమ మందు తాము తాగరు కదా!

వదిన బాల్కనీలోకి వెళ్ళి ఇద్దరికి ఫోన్ చేసింది. ఒకరు డాక్టరమ్మ. రెండోవాళ్ళు మరిది. "నీ గది నువ్వే చూసుకోవాలయ్యా, రేపు ఆదివారం కదా, రా. మిషన్లు మాత్రం ఇప్పుడే తేకు, రంగు మరకలు పడతాయి" అని పిలిచింది.

ఆదివారం పొద్దున్నే మరిది దిగాడు. స్పోర్ట్స్ షూ, తలకి పట్టీ, చేతికి పల్స్ చూసే వాచీ. మనిషికి వ్యాయామం అంటే ప్రాణం, చేయడం మాత్రం అలవాటు లేదు. అన్నదమ్ములిద్దరూ గోడలు చూసి, షేడ్ కార్డు తీసుకుని హాల్లో సోఫాలో కూర్చున్నారు. అయిదు నిమిషాల పని కదా అని కాఫీ కూడా వద్దన్నారు.

"హష్ వేయిద్దాం అన్నయ్యా. దాని ముందు నిలబడితే ఊపిరి బాగా ఆడుతోంది."

"ఊపిరి గోడలోంచి పీలుస్తావురా? విస్పర్ చూడు, ఎంత హుందాగా ఉందో."

"హుందా ఆఫీసులో చూసుకో. నాకు ఉత్సాహం కావాలి."

"నీకు ఉత్సాహం ఎక్కువయ్యే కదా మీ ఆవిడ మిషన్లు గెంటేసింది!"

మరిది మొహం ఎర్రబడింది. అంతవరకు రెండే రంగులున్న ఇంట్లోకి మూడోది ప్రవేశించింది.

"చిన్నప్పుడూ ఇంతే నువ్వు. మనిద్దరికీ కలిపి సైకిల్ కొంటే రంగు నన్నే ఎంచుకోమన్నావు. నేను షాపంతా తిరిగి ఎంచుకుని వచ్చేలోగా సీటు ఎక్కి కూర్చున్నావు. ఏడాదంతా నువ్వే తొక్కావు. నేను వెనకాల పరిగెత్తాను!"

"అందుకేరా నీకు పరుగు అబ్బింది!"

ఈ మాటలన్నీ మా ఇంటికి స్పష్టంగా వినబడుతున్నాయి. ఇంకా స్పష్టంగా వినాలని నేను తలుపు తీశాను. సరిగ్గా అప్పుడే లిఫ్ట్‌లోంచి ఇద్దరు కూలీలు పొడవాటి బల్ల ఒకటి దించారు. వెనకాలే వదిన, చేతుల్లో అట్టపెట్టె. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టింది. నేను నోరు మూసుకున్నాను. ఇంత బాగా నోరు మూసుకోవడం నాకు వచ్చని నాకే తెలియదు.

బల్ల హాల్లోకి వెళ్ళింది. సోఫాకి అడ్డంగా ఆగింది. హెచ్చార్ గారు కార్డు మీంచి కళ్ళు తిప్పకుండా కాళ్ళు దగ్గరికి లాక్కుని దారిచ్చారు. ఇచ్చి, "జాగ్రత్తయ్యా, గోడకి తగిలించకండి, రంగు ఇంకా తేలలేదు" అని కూడా చెప్పారు!

బల్ల వెళ్ళింది. పెట్టెలు వెళ్ళాయి. మైనం కరిగించే చిన్న పొయ్యి వెళ్ళింది. పన్ను అరగదీసే యంత్రం వెళ్ళింది. ఎత్తు స్టూలు వెళ్ళింది. విరిగిన కుర్చీలు, పాత ఫ్యాను అదే దారిలో వెనక్కి వచ్చి కిందికి దిగిపోయాయి. అన్నదమ్ములు మాత్రం ఇంకా సైకిల్ దగ్గరే ఉన్నారు. మధ్యలో అత్తగారిని తీర్పు చెప్పమన్నారు. ఆవిడ ఒక కన్ను మూసుకుని ఒక కొడుకు పక్షం, ఇంకో కన్ను మూసుకుని ఇంకో కొడుకు పక్షం వహించారు. ఈ సందడిలో అందరికంటే ఆనందంగా ఉన్నది ఆవిడే.

మధ్యాహ్నానికి రాజీ కుదిరింది. చిన్నప్పటి సైకిల్‌కి పరిహారంగా అన్న హష్‌కి ఒప్పుకున్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకుని శుభవార్త చెప్పడానికి గదిలోకి వెళ్ళారు.

వదిన కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కంటికి భూతద్దాల కళ్ళజోడు. చేతిలో డాక్టరమ్మ పంపిన మొదటి అచ్చు. కిటికీలోంచి మెత్తటి వెలుతురు ఆవిడ వేళ్ళ మీద పడుతోంది. ఎవరిదో నోటికి ముందు పళ్ళు ఒక్కొక్కటే నిలబడుతున్నాయి.

"ఇదేమిటి?" అన్నారు హెచ్చార్ గారు.

"పని" అంది వదిన, తల ఎత్తకుండా.

"వదినా, మరి నా మిషన్లు?"

"రంగు తేలిందా?"

"తేలింది వదినా. హష్."

"మంచి రంగయ్యా. మీ ఇంట్లో వేయించుకో. దాని ముందు నిలబడితే ఊపిరి బాగా ఆడుతుందటగా, మీ ఆవిడ కోపం కూడా తగ్గుతుందేమో."

హెచ్చార్ గారికి అప్పుడు నిజంగా కోపం వచ్చింది. "నన్ను ఒక్క మాట అడగాల్సిన పని లేదా?"

వదిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అడుగుదామనే ఉందండీ. మీరేమో రంగు చూసుకుంటున్నారు, మధ్యలో కదిలించడం ఎందుకని..."

ఆయన తల్లి వైపు తిరిగి, "నువ్వైనా చెప్పమ్మా!" అన్నారు.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు రెండు కళ్ళూ తెరిచే మాట్లాడారు. "నా నోట్లో ఉన్న పళ్ళు దాని చేతివేరా. వాటితో దానికి ఎదురు చెప్పమంటావా? ఊడి కింద పడతాయి."

మరిది మెల్లగా జారుకున్నాడు. హెచ్చార్ గారు మాత్రం అక్కడే ఉండిపోయారు. భార్య చేసే పని ఆయన అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. సన్నటి పనిముట్టుతో ఆవిడ ఒక పన్నుని ఎంత కొద్దిగా పక్కకి తిప్పిందో, తిప్పగానే ఆ అచ్చుకి ఒక మనిషి నవ్వు ఎలా వచ్చిందో చూశారు. ఆ నవ్వు తన మీదేమోనని కూడా అనిపించి ఉంటుంది. చివరికి గొంతు సవరించుకుని, "ఆ లైటు కాస్త కిందికి దించమంటావా?" అన్నారు.

"దించండి" అంది వదిన.

మరిది మిషన్లు వాళ్ళింట్లోనే ఉండిపోయాయి. ట్రెడ్‌మిల్లు మీద వాళ్ళావిడ బట్టలు ఆరేస్తోంది, బాగానే ఆరుతున్నాయట. వదిన ల్యాబ్ ఉద్యోగం మానేసింది. ఇప్పుడు డబ్బా మీద ఆవిడ పేరే ఉంటుంది. గదికి రంగు ఇంతవరకూ పడలేదు. ఏ రంగు వేయిస్తారని మొన్న అడిగితే, "ఏదో ఒకటి వేస్తారు లెండి, తీరిక ఉండాలిగా" అంది.

చూశారా, రెండు లేత రంగులు ఎంత మేలు చేశాయో! ఇంత చెప్పాక కూడా వరం కాదంటారా? వరమే! కార్డు చేతిలో పెట్టేవాడికి వరం.

మీ ఆఫీసులో కొత్త కుర్చీల రంగు మీద మీ అభిప్రాయం అడిగారా? సంతోషించండి. సంతోషిస్తూనే, మీకు కుర్చీ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. మీ వీధి పార్కుకి లేతనీలం కంచె కావాలా, లేతబూడిద కంచె కావాలా అని ఓటింగ్ పెట్టారా? తప్పక ఓటు వేయండి. వేసి, కంచె లోపల పార్కు ఎంత మిగిలిందో తొంగి చూడండి. మనల్ని అడిగేవన్నీ లేతగానే ఉంటాయి. ముదురువన్నీ మనల్ని అడక్కముందే ఎండిపోయి ఉంటాయి.

నేనైతే ఇలాంటివాటికి పడేరకం కాదు. మొన్న మా పత్రిక ఎడిటర్ గారు పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "మీ కాలమ్ వెనకాల ఏ రంగు వేద్దాం? లేత గంధమా, లేత మీగడా? పూర్తిగా మీ ఇష్టం" అన్నారు. ఎంత మర్యాద! ఇన్నేళ్ళలో నన్ను ఒక మాట అడిగినవాళ్ళు లేరు. ఇంటికొచ్చి రెండు కాగితాలూ కిటికీ దగ్గర పెట్టి చూశాను, లైటు కింద పెట్టి చూశాను. గంధంలో కాస్త వెచ్చదనం ఉంది. మీగడలో కాస్త గాంభీర్యం ఉంది. బాగా ఆలోచించి మీగడ అని చెప్పి వచ్చాను.

చాలా మంచి ఎంపిక అన్నారాయన. ఇకమీదట నా కాలమ్ పెట్టబోయే చిన్న పెట్టెలో మీగడ రంగే బాగుంటుందట, అందులో పట్టనిది కోసేస్తారట.

ఎంత చిన్న పెట్టె అని నేను అడగ